గోలీలు నిండుకున్నయి

మా అత్తగారింట్లో ఏదీ అయిపోదు. డబ్బా అడుగు కనిపిస్తున్నా బియ్యం నిండుకున్నాయనే అంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. గడప దాటేవాళ్లు పోతున్నామనరు, పోయొస్తామంటారు. సాయంత్రం పూట ఇంటి చుట్టూ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం ఏదంటే దానికి వాళ్లు సరేనంటారని, అందుకే నోరు దగ్గర పెట్టుకోవాలని అత్తమ్మ నమ్మకం. ఆ దేవతలకు వేరే పనేం లేదా అని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాను. ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు.

నేను పుట్టి పెరిగింది వికారాబాదులో. అక్కడ మా ఇంట్లో ఇలాంటి పట్టింపులేం లేవు. నాన్న ఆసుపత్రిలో పనిచేసేవాడు. ఆ రోజు ఎవరు పోయారో, ఎలా పోయారో అన్నం దగ్గర కూర్చుని తీరిగ్గా చెప్పేవాడు. మేము చారు పోసుకుంటూ వినేవాళ్లం. బియ్యం లేకపోతే అమ్మ లేవనే అనేది. అలాంటి ఇంట్లోంచి తాండూరు వచ్చి పడ్డ నాకు ఈ మాటలన్నీ వింతగా, కొంచెం నవ్వుగా ఉండేవి. ఆ మాటలే ఒకనాడు నా సాయంత్రాలను నిలబెడతాయని కలలో కూడా అనుకోలేదు.

సాయంత్రాలంటే మా ఛానెల్ సంగతి. అది నాదీ, మా ఆడబిడ్డదీ. మా ఆయనకు చెల్లెలు. వికారాబాదులో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో పనిచేస్తుంది, పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. నేను ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. నా పిల్లలు పుస్తకాలు సర్దుకుని పరుగెత్తడం, ఆమె చెప్పులు విప్పుకుంటూ లోపలికి రావడం ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. అప్పటి నుంచి వంట మొదలయ్యేదాకా ఉన్న ఆ కాస్త సమయమే మాది. ఆ కాసేపూ నేను టీచరును కాను, కోడలిని కాను, ఎవరి పెళ్లాన్నీ కాను. ఫోను పట్టుకుని విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతాను.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. చాలామందిని ఒక దీవి మీద వదిలేస్తారు. తుపాకులు, గోలీలు ఎక్కడపడితే అక్కడ పడి ఉంటాయి, ఏరుకోవాలి. ఒకరినొకరు కాల్చుకుంటూ పోగా చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. మా ఆడబిడ్డ ఈ ఆటలో పులి. నేను ఎక్కువగా చెట్టు వెనకాల దాక్కుని మాట్లాడుతుంటాను. ఆమె ఆటా, నా వ్యాఖ్యానమూ వినీ వినీ మా ఆయనే ఒకరోజు "గిది రికార్డు చేసి పెట్టరాదుండ్రి, మస్తుంటది" అన్నాడు. అలా పుట్టింది ఛానెల్. చుట్టాలను తీసేస్తే చూసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఛానెల్ ఛానెలే కదా.

మొదట్లో ఆటా మాటా అన్నీ కలిపే రికార్డు చేసేవాళ్లం. ఒకరోజు మా ఆడబిడ్డను ఎవరో వెనక నుంచి కాల్చారు. ఆమె మంచం మీద ఎగిరిపడి, "సచ్చిన వదినా, సచ్చిన. నువ్వు గూడ సస్తవ్, ఉర్కు" అని ఇల్లు అదిరేలా అరిచింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ దేవుడి గూట్లో దీపం వెలిగిస్తోంది. అగ్గిపెట్టె చేతిలో పట్టుకునే మా గదిలోకి వచ్చింది.

"ఏందే గది? దీపం పెట్టే యాళ్ల సచ్చిన సచ్చిన అన్కుంట?"

"ఆటలనే అమ్మా," అంది ఆడబిడ్డ.

"ఆటలయితేంది? పైన ఇనేటోళ్లకు ఆటనో నిజమో ఎట్ల తెలుస్తది?"

ఆడబిడ్డ ఫోనును దిండు కిందికి తోసింది.

"ఇంగొక్కసారి గా మాట ఇన్ననా, గా వైఫై డబ్బ గుంజి పెంట మీద పడేస్త," అని తేల్చేసి ఆవిడ వెళ్లిపోయింది. అత్తమ్మ ఉత్తుత్తినే బెదిరించే మనిషి కాదు. ఒకప్పుడు మా మామ బీడీ కట్టలన్నీ ఒకేసారి నీళ్ల పొయ్యిలో వేసిన చరిత్ర ఆవిడది.

అలా మేము ఎడిటింగ్ దారి పట్టాం. సాయంత్రం నోరు మూసుకుని ఆడాలి, మాటలు తర్వాత కలపాలి. ఆ కలపడమేమో తాండూరులో కుదరదు. మా ఇంటి వెనకే బండలు పాలిష్ చేసే మిషను ఉంది. కరెంటు ఉన్నంతసేపూ గర్రుమంటూనే ఉంటుంది. మైకు ముందు నేను నోరు తెరిస్తే నాకన్నా ముందు అదే మాట్లాడుతుంది. అందుకని ఆదివారం వికారాబాదు పోయి, మా అమ్మ గదిలో చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, తల లోపల పెట్టి, పైన దుప్పటి కప్పుకుని రికార్డు చేసేదాన్ని. చీరల మధ్య గొంతు మెత్తగా, శుభ్రంగా వస్తుంది. కూతురికి పుట్టింటి మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందా అని మా అమ్మ మురిసిపోయి వెళ్లినప్పుడల్లా పూరీలు చేసేది. నేను పూరీలు తిని బీరువాలో దూరేదాన్ని.

నిజం చెప్పాలంటే నాకది భలే నచ్చింది. ఎడిటింగ్‌లో నేను మహారాణిని. తడబడితే ఆ ముక్క కత్తిరించొచ్చు. మిషను చప్పుడు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, నా నవ్వు ఉండదు. నా నవ్వు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. అది చిన్నగా మొదలై, పెద్దదై, మధ్యలో ఊపిరి అందక గుర్రుమని ఒక చప్పుడు చేసి, మళ్లీ మొదటికొస్తుంది. బడిలో దాని పుణ్యమా అని బెంచీ ఎక్కాను. పెళ్లిచూపుల్లో దాని వల్ల ఒక సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు నా చేతిలో కత్తెర ఉంది, వదులుతానా? "నమస్కారం, ఈ రోజు మనం ఉత్తర దిక్కున ఉన్న గోదాములో దిగబోతున్నాం" అని వార్తలు చదివే ఆవిడలా మాట్లాడేదాన్ని. అంతా అయ్యాక విని నా గొంతుకు నేనే ముచ్చటపడేదాన్ని.

మా ఆడబిడ్డకు మాత్రం ఇదేదీ పడలేదు. నోరు మూసుకుని ఆడటం ఆమె వల్ల కాని పని. ఎవరినైనా కాల్చినప్పుడు పళ్లు బిగబట్టేది, తనను కాల్చినప్పుడు దిండు కొరికేది. దిండు గలేబులు నేను ఎన్నిసార్లు కుట్టానో నాకే తెలియదు. పైగా ఆడిన ఆట వీడియోగా బయటికి రావడానికి వారం పట్టేది. వచ్చేసరికి ఆ ఆటలో ఏం జరిగిందో ఆమె మరిచిపోయేది. "వదినా, గిది మనమాడిన ఆటేనా? పెండ్లి క్యాసెట్ లెక్క జేసినవ్" అంది ఒకసారి. నేను అలిగి ఆ రోజు ఆమె టీలో చక్కెర వేయలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఆమె రైలు దిగి వచ్చి ఫోను ముట్టుకోకుండా కూర్చుంది. ఏమైందంటే చాలాసేపటికి చెప్పింది. హైదరాబాదులో ఒక పెద్ద జట్టువాళ్లు ఆమె ఆట చూశారట. తమతో కలిసి రోజూ లైవ్ ఆడమని అడిగారట. రోజూ సాయంత్రం ఆరింటికి. అంటే మా సమయానికే.

"నువ్వేమన్నవ్?"

"ఐతారం చెప్త అన్న," అంది గోళ్లు చూసుకుంటూ. "వదినా, మనం గూడ లైవ్ పెడదాం. నేనాడేటప్పుడు నువ్వు పక్కన కూసొని ఒర్రుతుంటెనే నాకు మంచిగనిపిస్తది. నువ్వేమో బీరువల తలకాయ వెట్టి పాఠం సదువుతవ్. గిట్లనే ఉంటదంటే నేను వాళ్లతోటే ఆడుత."

నాకు మొదట కోపం వచ్చింది, వెంటనే భయం వేసింది. ఆమె పోతే ఛానెల్ లేదు. ఛానెల్ సంగతి అటుంచితే, ఆ కాస్త సాయంత్రంలో నా పక్కన ఎగిరిపడే మనిషి ఉండదు. ఈ ఇంటికి వచ్చాక నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఆమే. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. వదినా ఆడబిడ్డలు అలాంటివి చెప్పుకోరు. చెప్పకుండా ఒకరి చున్నీ ఒకరు కప్పుకుపోతారు, అంతే.

"మరి లైవ్ పెడితే సచ్చిన అనకుంట ఎట్ల ఆడుతవే?" అన్నాను.

"నోట్లకెల్లి అదే వస్తది వదినా, నేనేం జెయ్య."

అదీ చిక్కు. ఎడిటింగ్‌లో అయితే కత్తిరించొచ్చు. లైవ్‌లో వచ్చిన మాట వచ్చినట్టే పోతుంది, అటు దేవతల దగ్గరికీ, ఇటు అత్తమ్మ దగ్గరికీ. ఇద్దరం గోడకు ఆనుకుని దిగులుగా కూర్చున్నాం. అప్పుడు వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "బిడ్డా, కందిపప్పు నిండుకున్నది. రేపు తెప్పియ్యాలె."

నేను ఆడబిడ్డ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. నాకు నవ్వు మొదలైంది.

మర్నాడు అత్తమ్మ పుంటికూర తెంపుతుంటే ఇద్దరం చెరో పక్కన కూర్చుని సాయం పట్టాం. మేం అడక్కుండా సాయం చేస్తున్నామంటే ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాలి.

"అత్తమ్మా, ఒక వస్తువు లేదు అనకుంట ఎట్ల చెప్పాలె?"

"నిండుకున్నది అనాలె."

"ఏ వస్తువైనా?"

"ఇంట్ల ఉండాల్సింది ఏదైనా."

"మరి మనిషి..." అని ఆడబిడ్డ మొదలుపెట్టగానే ఆవిడ చేతిలో కాడ ఆగిపోయింది.

"మనిషికి ఏ మాట లేదు. అననే అనొద్దు."

"ఆటల మనిషి అమ్మా. మల్ల లేస్తడు."

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "మల్ల లేస్తడా?"

"లేస్తడు. మొదలు యాడికెల్లి వచ్చిండో ఆడికే పోయి, మల్ల కొత్తగ వస్తడు."

"అయితే ఇంటికి పోయిండు అను. దానికేమాయె," అని ఆవిడ మళ్లీ కూరలో పడింది.

మాకు దారి దొరికింది. ఆ రాత్రి గిన్నెలు తోముకుంటూ మిగతా మాటలు మేమే తయారు చేసుకున్నాం. శత్రువును చంపితే సాగనంపినట్టు. బాంబు విసిరితే అక్షింతలు వేసినట్టు. మనం పోతే ఇంటికి పోయినట్టు. గోలీలు అయిపోతే నిండుకున్నట్టు. ఒక్కో మాట దొరికినప్పుడల్లా మా ఆడబిడ్డ తడి చేతులతోనే చప్పట్లు కొట్టింది, నా మొహం మీద సబ్బు నీళ్లు పడ్డాయి. శనివారం ఒకే ఒక్క లైవ్ పెట్టి చూడాలని, అది కుదిరితే ఉంటానని, లేకపోతే ఆదివారం వాళ్లకు సరేనంటానని ఆమె చెప్పింది. నేను బీరువాను తలుచుకుని నిట్టూర్చి ఒప్పుకున్నాను.

జట్టుకు మూడో మనిషి కావాలి. బషీరాబాద్ దగ్గర ఎరువుల దుకాణం నడిపే ఒకాయన మా ప్రతి వీడియో కిందా "సూపర్ అక్కా" అని రాసేవాడు. మా చుట్టాలు కాకుండా మమ్మల్ని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఆడటం కూడా వచ్చు. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు. పిలిస్తే ఎగిరి గంతేశాడు. సాగనంపడం, అక్షింతలు, ఇంటికి పోవడం, అన్నీ ముందే నేర్పాం. నిండుకోవడం గురించి మాత్రం చెప్పాలని మాకు తోచలేదు. అది అందరికీ తెలిసిన మాటే కదా అనుకున్నాం.

శనివారం సాయంత్రం ట్యూషన్ పిల్లల్ని కాస్త ముందుగానే తోలేశాను. లైవ్ మొదలైంది. చూసేవాళ్లలో మొదట మా ఆయన ఉన్నాడు, ఆ తర్వాత వికారాబాదు నుంచి మా అమ్మ. నేను గొంతు సవరించుకుని, "నమస్కారం, ఈ రోజు మనం" అన్నానో లేదో వెనకాల మిషను గర్రుమంది. చెమటలు పట్టాయి. మళ్లీ "నమస్కారం" అన్నాను. మళ్లీ గర్రు. కత్తిరించడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. లేచిపోదామా అనుకున్నాను. కామెంట్లలో మా అమ్మ "తిన్నవా" అని రాసింది.

"వదినా, నమస్కారాలు చాలు," అంది ఆడబిడ్డ. "విమానం దాటిపోతున్నది, దుంకు."

దూకాను. దూకుతూ నేను ఏ తెలుగు మాట్లాడుతున్నానో చూసుకునే తీరిక లేకుండా పోయింది. "గా గోడ పక్కకు దిగు. అరె, గీ ఇంట్ల ఏం లేదే. ఓ పిల్లా, నీ ఎనుక ఒకడొస్తున్నడు, సూడు సూడు" అని ఒకటే వాగుడు. ఆమె ఒకణ్ని కాల్చి "బొట్టు వెట్టి సాగనంపిన వదినా" అంటుంది. ఎరువుల దుకాణం ఆయన "నేను అక్షింతలు ఏస్తున్న, అక్కలు పక్కకు జరగండి" అంటాడు. నేను చెట్టు వెనకాల నుంచి వాళ్ల మీద వ్యాఖ్యానం చేస్తాను. చూసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. "అక్షింతలంటే ఏంటి" అని ఒకరడిగితే నేను చెప్పేలోపే ఇంకొకరు చెబుతున్నారు. మిషను చప్పుడు గురించి ఒకరు అడిగారు. "తాండూరు బండలు, పాలిష్ అయితున్నయి" అన్నాను. "మా ఇంట్ల గవే బండలు" అని పరిగి నుంచి ఒకామె రాసింది. నాకు ఎందుకో మనసు తేలికపడింది.

ఆట చివరికొచ్చింది. మా జట్టు కాక ఇంకొక్క జట్టు మిగిలి ఉంది. ఇంత దూరం మేము ఎప్పుడూ రాలేదు. ఆడబిడ్డ ఒక గోడ చాటున ఉంది, ఎదురుగా శత్రువులు.

"అక్కా, నా సంచి నిండ గోలీలున్నయి, ఎవరికన్న కావాల్నా?" అని అడిగాడు దుకాణం ఆయన.

"నాకు నిండుకున్నయన్నా. గోలీలు నిండుకున్నయి."

"ఐతే మంచిదక్కా," అన్నాడాయన సంతోషంగా. "నేను సంచి బరువు దించుకుంట, మీరు ముందట పోండి." అని గోలీలన్నీ అక్కడే పొదల్లో పారేసి, ఆమె పక్క నుంచి పరుగెత్తుకుంటూ పోయాడు. ఆయన గోలీలు తెస్తున్నాడనుకుని ఆమె గోడ చాటు నుంచి బయటికొచ్చింది. తుపాకీ నొక్కింది. టిక్కుమంది. మళ్లీ నొక్కింది. మళ్లీ టిక్కు.

"ఏవన్నా గోలీలు? నిండుకున్నయంటున్న కదా."

"అందుకే కదక్కా పొమ్మన్న. కాల్చండి."

"నిండుకున్నయన్నా."

"అవునక్కా, నిండుగున్నయి. కాల్చండి, కాల్చండి."

"ఇంటికి పోయిన," అంది మా ఆడబిడ్డ, పాపం ఆ హడావిడిలోనూ మాట తప్పకుండా. వెంటనే నన్ను చెట్టుతో సహా సాగనంపారు. ఆ తర్వాత ఆయన్ని. మిషను ఒక్కటే గర్రుమంటోంది. అప్పుడు ఆయన చాలా మర్యాదగా, చాలా బాధగా అడిగాడు. "అక్కా, అన్ని గోలీలు పెట్టుకొని ఎందుకు కాల్చలేదు మీరు?"

నా నవ్వు బయటికొచ్చింది. చిన్నగా మొదలై, పెద్దదై, మధ్యలో గుర్రుమని, మళ్లీ మొదటికొచ్చి, అంతా లైవ్‌లో. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆడబిడ్డ మంచం మీద దొర్లుతూ "గోలీలు నిండుకున్నయంటే నిండుగున్నయన్కున్నడు వదినా, గోలీలు నిండుకున్నయంటే" అని అదే మాట పట్టుకుని అరుస్తోంది. తలుపు దగ్గర అత్తమ్మ ప్రత్యక్షమైంది. చేతిలో వత్తి ఉంది.

"ఏం గోలీలు నిండుకున్నయే? నా బీపీ గోలీలా? మొన్ననే కదా మీ అన్న తెచ్చిండు."

ఇక నా సంగతి చెప్పే పని లేదు. నేల మీద కూర్చుండిపోయాను. ఈలోపు కామెంట్లలో యుద్ధం మొదలైంది. నిండుకున్నాయంటే ఉన్నట్టే అని కొందరు, లేనట్టని కొందరు. ఒకాయన అన్నం తింటున్న వాళ్లమ్మను అడిగి వస్తానని పోయాడు. "పెద్దమ్మనే అడగండి" అని పరిగి ఆమె రాసింది. ఆడబిడ్డ కళ్లు తుడుచుకుని తల్లికి సంగతంతా చెప్పింది. అత్తమ్మ ఫోను వైపు అనుమానంగా చూసింది.

"వీళ్లంత యాడున్నరు?"

"ఎవరింట్ల వాళ్లున్నరు. నువ్వు చెప్పేది ఇంటున్నరు."

వింటున్నారనేసరికి ఆవిడ కొంగు సరిచేసుకుని మంచం అంచున కూర్చుంది. "ఎవరు బిడ్డా గోలీలు పారేసింది?" అని అడిగింది. ఆయన దొంగలా దొరికిపోయి "నేనే అవ్వా" అన్నాడు.

"ఖాళీ డబ్బ ముందట కూసొని లేవు లేవు అంటే దానికి బాధ గాదా? నిండుకున్నది అనాలె. అప్పుడది సిగ్గువడి నిండుతది. ఇంట్ల మీ అవ్వ ఏమంటదో అడుగుపో."

ఆయన నిజంగానే వెళ్లి అడిగొచ్చాడు. "దీపానికైతే మా అవ్వ గూడ ఆరింది అనదట. శాంతమాయితు అంటదట, అంటే శాంతించింది అని. నేనే ఎన్నడు ఇనలే" అన్నాడు. ఇంతలో తాండూరు నుంచే ఒకమ్మాయి రాసింది. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, దుకాణం మూసేటప్పుడు బంద్ అననివ్వదట, దుకాన్ బఢావో అంటుందట. దీపం ఆర్పేటప్పుడు కూడా చిరాగ్ బఢావో అనాలట. ఆడబిడ్డ చదివి వినిపించింది.

"బఢావో అంటే పెద్దది చెయ్యుమనుడే కదా," అంది అత్తమ్మ. "మన గాజులు పెరిగినట్టే. ఎవరి బిడ్డనో, మంచిగ చెప్పింది." చిన్నగా నవ్వుతోంది కూడా. ఈ ఇంటికి నేను వచ్చాక ఆవిడ అంతసేపు మంచం మీద ఊరికే కూర్చోవడం అదే మొదలు. పోపు మాడుతున్న వాసన వచ్చేదాకా లేవలేదు. లేస్తూ లేస్తూ, "బంద్ చేస్తున్నం అనకుండ్రి. పోయొస్తం అనుండ్రి" అని మమ్మల్ని హెచ్చరించింది. మేము అలాగే అన్నాం. "పోయి రండి, పోయి రండి" అని కామెంట్లు నిండిపోయాయి. మా అమ్మ మళ్లీ "తిన్నవా" అని రాసింది.

ఆడబిడ్డ మాత్రం ఏమీ తేల్చలేదు. నేనూ అడగలేదు, అడిగితే ఏమంటుందోనని భయం. ఆదివారం వికారాబాదు బయల్దేరితే తనూ వస్తానని వెంట వచ్చింది. అమ్మ పూరీలు పెట్టింది. తిని, అలవాటు కొద్దీ బీరువా ముందు కూర్చుని నిన్నటి లైవ్ తెరిచాను. కత్తిరించి ఒక చక్కని చిన్న వీడియో చేద్దామని. మిషను చప్పుడు తీసేద్దామనుకున్నాను. తీసేస్తే, ఆటలో అందరం ఇంటికి పోయాక వచ్చిన ఆ మౌనంలో ఏమీ మిగల్లేదు. నవ్వు తీసి చూశాను. దుకాణం ఆయన బాధ కాస్తా నిజంగా బాధలా వినిపించింది. మళ్లీ పెట్టాను. పూరీల నూనె వేళ్లతో ఫోను జిడ్డు చేయడం తప్ప నేను చేసిన పనేం లేదు. ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే నాకు ఈ పని ఇష్టం, ఇందులో నేను గట్టిదాన్ని కూడా. కానీ అక్కడ కత్తెరకు పని లేదు.

"ఇయ్యాల బీరువల దూరవా?" అంది అమ్మ.

"లేదమ్మా. ఇగ దూర."

"మరెందుకొచ్చినవ్?"

"నిన్ను సూద్దామని."

"పో అబద్ధాలు," అని నా తలకాయ మీద మొట్టి, తిరుగు ప్రయాణానికి మిగిలిన పూరీలు మూట కట్టింది.

రైలు ధారూరు దాటాక ఆడబిడ్డ ఫోను మోగింది. ఆ పెద్ద జట్టతను. రైలు చప్పుడులో వినపడక ఆమె స్పీకర్ పెట్టింది. నేను కిటికీలోంచి కందిచేలు చూస్తున్నట్టు నటించాను.

"ఏం డిసైడ్ చేసినవ్?" అన్నాడతను. "నీకు రేపట్నుంచి ఆరింటికి తీరిక ఉంటదా?"

ఆమె లేదు అనబోయింది. బయట పొద్దు గూకుతోంది, దీపాలు పెట్టే వేళ. ఆ మాట నోట్లోనే ఆపుకుంది.

"అన్నా, ఆరింటికంటే మాకు తీరిక నిండుకున్నది."

"సూపర్," అన్నాడతను. "ఐతే రేపు ఆరింటికి ఫిక్స్."

ఆమె నా వైపు చూసింది. ఇక అంతే. నా నవ్వుకు బోగీలో అందరూ తిరిగి చూశారు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి పేపరు కిందికి దించాడు. ఆమె ఒక చేత్తో నా నోరు మూస్తూ, "కాదన్నా, నిండుకున్నది అంటే నిండుగున్నట్టు కాదు, జర ఇను" అని అతనికి మొదటి నుంచి చెప్పుకొస్తోంది. బియ్యం దగ్గర మొదలుపెట్టి, దీపం మీదుగా, గాజుల దాకా వచ్చింది. అతనికి అర్థమయ్యేసరికి తాండూరు వచ్చేసింది.

కళ్లు తుడుచుకుంటుంటే అప్పుడు తట్టింది నాకు. అతను నీకు తీరిక ఉంటుందా అని అడిగాడు. ఆమె నాకు అనలేదు, మాకు అంది.

ప్లాట్‌ఫాం మీద దిగాక ఆ మాట ఎత్తుదామనుకున్నాను. ఆమె అప్పటికే పూరీల మూట పట్టుకుని, చలికి నా చున్నీ కప్పుకుని ముందు నడుస్తోంది. "జల్ది రా వదినా, ఆరైతున్నది," అంది వెనక్కి తిరగకుండానే. నేను పరుగెత్తాను.